బహుళ పంచమికి రిజిస్ట్రేషన్

పెనుగొండ,
21-5-2025.

హరిబాబుకి,

చిరంజీవి అని రాయలేదేమిటా అని చూస్తున్నావేమో, కావాలనే రాయలేదు. ఇక్కడ నేను క్షేమం. అక్కడి క్షేమం నేనడగలేదు, నువ్వు రాయనక్కర్లేదు.

అగ్రిమెంటు మీద కొనేవారి పేరు చదివి నీకు నోట మాట రాలేదట కదా. చిట్టియ్య చెప్పాడు. మధ్యవర్తిగా బేరమంతా అతనే నడిపాడు. కొనేదెవరో ఆఖరిదాకా చెప్పొద్దని ఒట్టేయించుకున్నది నేను. ముందే తెలిస్తే ఏ రొయ్యల చెరువుల ఆసామికో అమ్ముకునేవాడివి గానీ తోడబుట్టిన అక్కకి అమ్ముతావా? అప్పటికే అడ్వాన్సు జేబులో వేసుకున్నావు, నలుగురిలో మాట ఇచ్చేశావు. వెనక్కి తగ్గలేక సంతకం పెట్టి, తాళాలు చిట్టియ్య చేతిలో పెట్టావు. ఇప్పుడవి నా కొంగున ఉన్నాయి.

అప్పటినుంచీ ఫోన్లు చేస్తున్నావు. ఎత్తను. నీ కూతురు పెళ్లినాటి నుంచి నీ గొంతు నా చెవిన పడనివ్వనని ఒట్టు పెట్టుకున్నాను. ఏదైనా చెప్పాలంటే ఉత్తరం రాయి. ఈ సందు చివర పోస్టాఫీసు ఇంకా ఉంది.

మా ఆయన పొలం అమ్మి నీ ఇల్లు కొన్నానని మా మరిది వాళ్లు నన్ను తిట్టని తిట్టు లేదు. పచ్చటి పొలం అమ్మి ఎవరైనా పాత డాబా కొంటారా అన్నారు. వాళ్లకేం తెలుసు? ఇల్లు కాదు నేను కొన్నది. నువ్వు ముచ్చటపడి చేయించిన ఆ నెమళ్ల గేటు కొన్నాను. దానికి అటుపక్కన ఇల్లుంటే నేనేం చెయ్యను?

రిజిస్ట్రేషన్ ఎప్పుడో నేను చెబుతాను. అంతదాకా ఓపిక పట్టు.

రామతులసి


సామర్లకోట,
27-5-2025.

పూజ్యురాలైన అక్కయ్యకి తమ్ముడు హరిబాబు పాదాభివందనాలు.

నీ ఉత్తరం చేరింది. నువ్వు అడక్కపోయినా రాస్తున్నాను, మేమంతా బాగానే ఉన్నాం. లోవలక్ష్మికి మాత్రం ఒంట్లో కాస్త నలతగా ఉంది. కాకినాడలో చూపిస్తున్నాం. దాని పుట్టింటివాళ్లు దగ్గరుంటారని, ఆసుపత్రి దగ్గరవుతుందని ఇక్కడికి వచ్చేశాం. అద్దె వాటా ఇరుకే గానీ, పొద్దున్నే లేచి భీమేశ్వరుడి దర్శనం చేసుకోవచ్చు. ఆ ఒక్కటే నా అదృష్టం.

నోట మాట రాలేదన్నది నిజమే అక్కయ్యా, సంతోషంతో రాలేదు. నేను కట్టించిన ఇల్లు పరాయివాళ్ల పాలు కాలేదు, అంతకన్నా ఏం కావాలి? నువ్వు నాతో మాట్లాడకపోయినా నా ఇంట్లో తిరుగుతావు కదా అనుకుని నాలో నేనే మురిసిపోయాను.

రిజిస్ట్రేషన్ జూన్ ఆరో తారీఖు శుక్రవారం పెట్టుకుందాం. ఏకాదశి. ఆ రోజుకి స్లాట్ దొరుకుతుందని డాక్యుమెంటు రైటరు చెప్పాడు. నాకూ ఇక్కడ అవసరాలున్నాయి. ఆలస్యం చెయ్యకు.

నీ తమ్ముడు,
హరిబాబు


పెనుగొండ,
2-6-2025.

హరిబాబుకి,

నీ మురిపెం సంగతి చదివాను. ఏ ఎండకా గొడుగు పట్టడం నీకు చిన్నప్పటినుంచీ బాగా వచ్చు.

జూన్ ఆరు కుదరదు. గురుమూఢం ముంచుకొస్తోంది, మూఢం ముంగిట్లో ఇల్లు రాయించుకుంటారా ఎవరైనా? అది వెళ్లేసరికి ఆషాఢం ఉంటుంది. ఆషాఢంలో కొత్తకోడలే అత్తారింట్లో ఉండకూడదు, నేనెలా అడుగుపెడతాను? శ్రావణం రానీ. శ్రావణ బహుళ పంచమి, ఆగస్టు పదమూడు, బుధవారం. ఆ రోజుకి మార్పించు. గడువు ఆగస్టు నెలాఖరు దాకా ఉందని అగ్రిమెంటులో రాయించింది నేనే, కాబట్టి నీకు అడ్డు చెప్పే దారి లేదు.

ఇంటికి సున్నాలు వేయిస్తున్నాను. గేటుకి రంగు వెయ్యొద్దన్నాను. పనివాడు, "అదేంటండీ అమ్మగారూ, నెమళ్లు తుప్పట్టిపోయాయండీ" అని ఒకటే గొడవ. పట్టనీ, నాకవి అలాగే కావాలి అన్నాను.

నీ పెళ్లానికి నలతట! అయ్యో పాపం. ఆ మాట చదివి నాకు నవ్వొచ్చింది, దాచను.

రామతులసి


సామర్లకోట,
14-6-2025.

అక్కయ్యకి నమస్కారాలు.

నీ పద్ధతి నాకు అంతుబట్టడం లేదు. మీ ఇంట్లో మూఢం, ఆషాఢం అని ఏనాడైనా చూశారా? బావ ఉన్నన్నాళ్లూ మంగళవారం పూట కూడా నారు పోయించేదానివి. ఇప్పుడు శుక్లపక్షంలో బోలెడు మంచి రోజులుండగా బహుళ పంచమి కావాలంటున్నావు. మా పంతులుగారైతే పైకే నవ్వారు. మూడు తేదీలు రాసిచ్చారు, ఇందులో పెడుతున్నాను. ఏదో ఒకదానికి ఒప్పుకో.

లేదంటే అమ్మ కాసులపేరు సంగతి మనసులో పెట్టుకున్నావా? నీకు రావలసింది లోవలక్ష్మి మెడలో వేశారని అప్పట్లో నువ్వు అలిగావు. అదే అయితే చెప్పు, తీసి ఇచ్చేస్తానంటోంది.

అన్నట్టు ఒక సంగతి. నువ్వు పెట్టిన తేదీ హేమశ్రీకి చెబితే, అది ఫోనులో పంచాంగం చూసి ఎగిరి గంతేసింది. "నాన్నా, నా పెళ్లి షష్ఠి నాడు కదా, పంచమి వెళ్లిన మర్నాడు! అత్త నామీద ప్రేమతోనే ఆ రోజు పెట్టింది, మీకే అర్థం కాలేదు" అంది. నాకు కళ్లు చెమర్చాయి అక్కయ్యా. పైకి ఎంత కోపంగా రాసినా నీ మనసు వెన్న. ఆత్రేయపురం పూతరేకులు చిట్టియ్యతో పంపుతున్నాను, తింటూ ఈ తమ్ముణ్ణి తలుచుకో.

నీ హరి


పెనుగొండ,
24-6-2025.

హరిబాబుకి,

పూతరేకులు పెట్టె మూత తీసి గేటు దగ్గర పెట్టాను. చీమలు తిన్నాయి. నీ పేరు తలుచుకున్నాయో లేదో నాకు తెలియదు.

ప్రేమట! నా మనసు వెన్నట! నీకు నిజంగానే గుర్తులేదన్నమాట. ఇన్నేళ్లుగా నేను, నువ్వు సిగ్గుతో తల ఎత్తుకోలేక తిరుగుతున్నావనుకున్నాను. నువ్వేమో కాసులపేరు గురించి ఆలోచిస్తున్నావు. సరే, కళ్లు చెమర్చాయన్నావు కాబట్టి ఇదీ చదువు.

షష్ఠి నాడు నీ కూతురు పెళ్లి. అంతకు ముందురోజు ఏం జరిగింది? రాజమండ్రి ఆసుపత్రిలో మీ బావకి ఇక లాభం లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మాకు ఇల్లెక్కడిది? అద్దె వాటా. అద్దె ఇంట్లో ప్రాణం పోతే వాళ్లకి అరిష్టమని ఇంటాయన వీధిలోనే చేతులు జోడించాడు. ఆయన పరాయివాడు, ఆయన్ని నేనేమీ అనను. నాకు తమ్ముడున్నాడు, డాబా ఉంది అనుకుని ఆంబులెన్సు నీ గేటు ముందు ఆపించాను.

ఇంటి ముందు పందిరి, మామిడాకులు. నీ పెళ్లాం పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని వచ్చి లోపలినుంచి గడియ పెట్టింది. "రేపు ముహూర్తం పెట్టుకుని ఇంట్లోకి ఎలా రానిస్తామండీ వదినగారూ, కాస్త ఆలోచించండి" అంది. నువ్వు దాని వెనకాల పట్టుపంచెలో నిలబడ్డావు. ఆ మాట తప్పని అనలేదు, ఒప్పనీ అనలేదు. మీ బావ ఆంబులెన్సులోంచి మంచినీళ్లు అడిగారు. గేటు అటుపక్క గంగాళాల నిండా నీళ్లున్నాయి. ఇటుపక్క నాకు గుక్కెడు లేవు. తాతాజీ గారు ఆయన రైసుమిల్లు షెడ్డు తెరిపించారు. ధాన్యం బస్తాల మధ్య పోయారు మీ బావ. ఆ సాయంత్రం మీ ఇంట్లో సన్నాయి మిల్లుదాకా వినిపించింది.

ఆ రోజు బహుళ పంచమి. ఏటా ఆ రోజున ఎవరో ఒకరి సావిట్లో ఆయన ఆబ్దికం పెట్టుకుంటున్నాను. ఈ ఏడు పొద్దున నువ్వు సంతకం పెడతావు. ఆ కాగితంతో నేను ఆ గేటు తీసుకుని లోపలికి వెళ్లి, ఆయన్ని గడప లోపలికి పిలిచి అన్నం పెడతాను. అందుకే ఆ తేదీ. నీ పంతులు రాసిచ్చిన మూడు తేదీలూ చించేశాను.

రామతులసి


సామర్లకోట,
29-7-2025.

అక్కా,

నెల దాటినా జవాబు రాయలేదు. ఇప్పుడు రాయక తప్పని పరిస్థితి వచ్చింది.

నలత అని రాసింది నలత కాదు. ఏడాదిన్నరగా వైద్యం నడుస్తోంది. దానికోసమే ఇల్లమ్మాను. మొన్న కాకినాడ డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, ఇక ఇంటికి తీసుకెళ్లండి, ఉన్నన్నాళ్లు ప్రశాంతంగా ఉంచండి అన్నారు. తీసుకొచ్చాను. ఈ అద్దె ఇంటివాళ్లకి అర్థమైపోయింది. ఆ ఇంటావిడ బుల్లెమ్మగారు మంచిదే. పొద్దున కాఫీ ఇచ్చి, "బాబుగారూ, ఏమీ అనుకోకండి, మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం కదండీ" అంది. నువ్వు రాసిన ఉత్తరమే ఆవిడ చదివి చెబుతున్నట్టు అనిపించింది నాకు. పుట్టింటివాళ్లూ ఏవో సాకులు చెప్పి తప్పుకున్నారు.

లోవలక్ష్మి ఒకటే మాట అంటోంది, మన ఇంటికి తీసుకెళ్లండి, నా ఇంట్లో పోతాను అని. కాళ్లు పట్టుకుని అడుగుతున్నాను. రిజిస్ట్రేషన్ తేదీ మార్చు. నెలాఖరుకి జరుపు. అప్పటిదాకా ఇల్లు నా పేరనే ఉంటుంది కాబట్టి, తాళాలు ఇప్పించు. అంతా అయిపోయాక నువ్వు పెట్టమన్న చోట సంతకం పెడతాను.

హరి


పెనుగొండ,
1-8-2025.

హరిబాబుకి,

ఈ ఉత్తరం చిట్టియ్య స్వయంగా తెస్తున్నాడు.

తేదీ మార్చమన్నావు. మార్చాను. వెనక్కి కాదు, ముందుకి. ఆగస్టు ఏడు, గురువారం పొద్దున స్లాట్ తీసుకున్నాను. వచ్చి సంతకం పెట్టు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు పట్టుకోవడం నీకు అలవాటే, ఆ పని మాత్రం ఆఫీసులో చెయ్యకు. తాళాలు ఇవ్వను.

రామతులసి


సామర్లకోట,
3-8-2025.

శ్రీమతి రామతులసి గారికి,

అక్కా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

పగ తీర్చుకున్నారు, సంతోషం. పంచమి దాకా అయినా ఆగుతారనుకున్నాను. చావబోయే మనిషికి నిలువ నీడ అడిగితే, ఆ నీడ ముందే లాగేసుకుంటున్నారు. మేం చేసింది తప్పే. కానీ ఆ రోజు మాకు పెళ్లి అడ్డొచ్చింది. మీకేం అడ్డొచ్చింది? ఏళ్లతరబడి పెంచుకున్న కచ్చ తప్ప.

వస్తాను. సంతకం పెడతాను. నేను అమ్ముకున్నాను, మాట తప్పను. ఆ సాయంత్రమే ఆంబులెన్సులో మీ గేటు ముందునుంచే తీసుకెళ్లి, కాలువగట్టు సత్రం అరుగు మీద పడుకోబెడతాను. డాబా మీద నిలబడి కరువుతీరా చూడండి.

హరిబాబు


పెనుగొండ,
7-8-2025.

హరిబాబుకి,

సంతకం అయ్యాకే ఈ కవరు నీకివ్వమని చిట్టియ్యకి చెప్పాను. అంటే ఇది చదివేసరికి ఇల్లు నాదైపోయింది. ఆఫీసులో అధికారి అడిగినప్పుడు, "నా ఇష్టపూర్వకంగానే అమ్ముతున్నానండి" అని నువ్వు పైకి చెప్పాలని తెలుసు. అందుకే చెవుల్లో దూది పెట్టుకుని వస్తాను. నన్ను చూసి పిచ్చిదనుకోకు.

ఇప్పుడు విను. నువ్వు చెప్పినట్టు తేదీ వెనక్కి జరిపితే ఏమవుతుంది? నీ పెళ్లాం నీ ఇంట్లో పోతుంది. దర్జాగా, ఎవరి దయా లేకుండా. అది నేను జరగనివ్వను. అది నా ఇంట్లో పోవాలి. నా గేటు ముందు మీ ఆంబులెన్సు ఆగాలి. సందులో అందరూ చూస్తుండగా ఆ గేటు నేను తియ్యాలి. గడియ పెట్టిన ఆ చేతిని పట్టుకుని లోపలికి తీసుకెళ్లాలి. అందుకే ముందుకి జరిపాను. సత్రం గిత్రం అనకుండా తిన్నగా ఇక్కడికి తీసుకురా.

దయ అనుకుంటావేమో, అనుకోకు. ముందు గదిలో మంచం వేయించాను. పడుకుంటే కిటికీలోంచి గేటు ఎదురుగా కనిపిస్తుంది. ఉన్నన్నాళ్లూ దాన్నే చూస్తూ ఉండమను.

మంచం పక్కన చెంబుతో నీళ్లు కూడా పెట్టాను.

రామతులసి


కాలువగట్టు సత్రం, పెనుగొండ,
11-8-2025.

అక్కయ్యకి,

మైలలో ఉన్నాను, నమస్కారం రాయకూడదు. చావు కబురు రాసిన కాగితం ఇంట్లో ఉంచకూడదంటారు, చదివి చించెయ్యి. నీకు తెలిసిన కబురే. నీ ఇంటినుంచే కదా తీసుకెళ్లాం. అయినా నీతో మాట్లాడే వీలు లేదు కాబట్టి రాస్తున్నాను.

నిన్న పొద్దున లోవలక్ష్మి పోయేటప్పటికి ధనిష్ఠా నక్షత్రం ఉందట. ఆ నక్షత్రంలో పోతే ఇల్లు ఆరు నెలలు మూసెయ్యాలి, దీపం పెట్టకూడదు అన్నారు పంతులుగారు. ఎల్లుండే పంచమి. ఇన్నేళ్లు కాచుకుని, పొలం అమ్మి కొనుక్కున్న ఇల్లు, బావకి అందులో అన్నం పెట్టకుండానే మూతపడింది. అప్పుడు బావని రానివ్వలేదు, ఇప్పుడూ మావల్లే రాలేకపోయాడు. నీకు ఏ మొహం పెట్టుకుని కనిపించను?

నీ ఇంట్లో ఉన్న ఆ మూడు రోజులూ గేటు చప్పుడైతే చాలు, అది ఉలిక్కిపడేది. శనివారం సాయంత్రం నన్ను బయటికి పొమ్మని నీతో ఏదో మాట్లాడింది. ఏం మాట్లాడిందో అడిగే హక్కు నాకు లేదు.

హరి


పెనుగొండ,
14-8-2025.

హరీ,

నీ కాగితం చించలేదు. నా దగ్గర ఉంటుంది.

ధనిష్ఠ సంగతి నాకు కొత్తగా చెప్పక్కర్లేదు. పౌర్ణమి దగ్గరకొస్తోంది, దాని వెంటే ధనిష్ఠ వస్తుంది, ఇప్పుడు రానిస్తే ఇల్లు మూతపడుతుందేమో చూసుకోమని, మీరు రాకముందే పంతులుగారు చిట్టియ్యతో కబురు పెట్టారు. తెలిసే గేటు తీశాను. ఆ రోజు పెళ్లి అడ్డొచ్చింది, మీకేం అడ్డొచ్చింది అని రాశావు కదా? నాకూ అడ్డొచ్చింది. నేను మాత్రం గడియ పెట్టలేదు. ఈ మాట నీకు చెప్పడానికే ఆ ఇల్లు కొన్నానేమో అనిపిస్తోంది. చచ్చేదాకా గుర్తుపెట్టుకో.

లోవలక్ష్మి ఏమందో అడిగే హక్కు లేదన్నావు. లేదు. అయినా చెబుతాను. "ఆ రోజు అన్నయ్యగారు మంచినీళ్లడిగారా వదినా?" అంది. అడిగారు అన్నాను. చావబోయే మనిషికి అబద్ధం చెబితే పుణ్యం వస్తుందేమో, నాకా పుణ్యం అక్కర్లేదు. చేతిలో ఉన్న గ్లాసు పక్కన పెట్టేసింది. ఎంతసేపు చూసినా మళ్లీ ముట్టుకోలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. నా ఇంట్లో దాహంతో పోయి, ఆ పాపం కూడా నాకే అంటగడదామనా? తల ఎత్తి పట్టుకుని గ్లాసు నోటికి పెట్టాను. తాగింది. నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇది ఎవరికీ చెప్పకు.

నిన్న ఆబ్దికం పెట్టాను. ఇంట్లో కాదు, గేటు బయట, ఆంబులెన్సు ఆగిన చోటే చిన్న పందిరి వేయించాను. రోడ్డు మీద పితృకార్యం ఏమిటని పంతులుగారు గొణిగారు. గొణగనీ అన్నాను. మా మరిది కొడుకు శ్యాంబాబు పిండాలు పెట్టాడు. నువ్వు సందు చివర కరెంటు స్తంభం పక్కన నిలబడి ఉన్నావు. మైలలో ఉన్నవాడివి దగ్గరికి రాకూడదు కాబట్టి రాలేదని అనుకున్నాను, రాలేక నిలబడ్డావేమో నాకు తెలియదు. ఇల్లు నాదే, తాళం నా కొంగునే ఉంది. అయినా నువ్వూ వీధిలోనే, నేనూ వీధిలోనే నిలబడ్డాం. నీ ఏడుపు వినిపించింది. ఏడుపు మాట కాదు కాబట్టి నా ఒట్టు పోలేదు.

గేటు గడియ మాత్రం కమ్మరి చేత కోయించేశాను. ఇక ఆ గేటు వేసినా పడదు.

ఆరు నెలలు గడిచేసరికి మాఘం వస్తుంది. అప్పుడు మళ్లీ ఏదో మూఢమేనట. తలుపు తీసి దీపం పెట్టాలంటే మంచి రోజు చూడాలి. ఆ రోజున బావకీ, దానికీ ఇద్దరికీ అక్కడే అన్నం పెడదాం. ఈసారి తేదీ నువ్వు పెట్టి రాయి.

మార్చడం మాత్రం నా ఇష్టం.

అక్క